సంగటి కుండకు తడిగుడ్డ

ఆషాఢం, అమావాస్యకు ముందర వచ్చే బేస్తవారం, పగలు రెండు గంటలు. గడియారం చూసి చెప్తాండేది కాదు. మా ఊరికి వచ్చేది ఒకే బస్సు, అది వచ్చేది రెండు గంటలకు. ఆ పొద్దు బస్సు ఊర్లోకి రాలే. దోవ కనపడక మలుపు కాడనే నిలబడిపోయి హారను కొడతానే ఉండె. తప్పిపోయిన దూడ అరిసినట్ల ఉండె ఆ హారను.

ఏ సంవత్సరమని అడిగితే చెప్పలేను. అప్పటికి నాకు సంవత్సరాలు తెలీవు. ఇంగా పైట ఎయ్యలే, లంగా ఎగ్గట్టి గొర్రెల ఎనక పోతాంటి. ఊర్లో ఇద్దరి ఇండ్లల్లో టీవీలు వచ్చిండె. ఫోను చేయాలంటే మండలంలో ఎస్టీడీ బూతు కాడికి పోవాల. ఆ కాలమనుకోండి, సాలు.

ఇప్పుడెందుకు ఎత్తుకుంటినంటే, మొన్న అక్క కూతురింటికి పోయింటి. దాని బిడ్డ మూడో తరగతి. ఫోను పట్టుకోనొచ్చి, "చిన్నవ్వా, ఈపొద్దు గాలి బాగలేదంట. చూడు, ఎర్రగా సూపిస్తాంది. యాడనో ఎడారిలో దుమ్ము లేసి ఈతట్టు వస్తాందంట. బయటికి పోగూడదంట," అనింది. ఎర్రగా సూపిచ్చేదానికి మాకు ఫోను యాడిది? మా కండ్లే సూపిస్తాండె. అంతలోకే వాళ్లమ్మ కిటికీలన్నీ బిగిచ్చి, దేవుని కాడ కట్టకు కట్ట ఊదుకడ్డీలు ముట్టిచ్చింది. నేను లేసిపోయి కడ్డీలన్నీ ఆర్పేసినా.

"ఏంది చిన్నమ్మా! దేవుని కడ్డీలు ఆర్పుతావా?"

"దేవుడు ఊపిరి తీసుకోడు. నువ్వు తీసుకుంటావు," అంటి.

కోపమొచ్చింది దానికి. ఎందుకార్పినానో నోటితో చెప్తే సగంలో లేసిపోతారు ఇప్పటోళ్లు. అందుకే రాస్తాండా. నాకు అచ్చరాలు వచ్చింది పెండ్లయి, పిల్లలు పుట్టినాక, రాత్రి బడిలో. తొలి పొద్దు పంతులమ్మ పళ్లెంలో ఇసక పోసి, "దీంట్లో ఏలితో అ రాయమ్మా," అనింది. "పలక ఇస్తే రాస్తా, లేకుంటే ఇంటికి పోతా. ఇసకలో మాత్రం రాయను," అంటి. ఆయమ్మ బిత్తరపోయింది. మా ఊరు చూసింటే బిత్తరపోయేది కాదు.

మాది హగరి ఒడ్డు ఊరు. ఏట్లో నీళ్లు పారంగా చూసినోళ్లు మా అవ్వ తరమోళ్లు. మేం చూసింది ఇసక పారేది. ఆషాఢం తగులుకుంటే పడమటి గాలి లేసి, ఏట్లో ఇసకంతా ఎత్తుకోనొచ్చి మా చేండ్ల మీద, ఇండ్ల మీద పోస్తాండె. లావు ఇసక కాళ్లకు సూదుల మాదిరి గుచ్చుకునేది. సన్న దుమ్ము పైన నిలబడేది. ఆ సన్నదే చెడ్డది. గాలి ఆగినాక గూడా దిగదు. ముక్కులో, గొంతులో, పండుకుంటే రొమ్ములో ఉంటాది. మా ఊర్లో ముసిలోళ్లందరూ దగ్గుతాండ్రి. వయసైతే దగ్గు రావడం తల నెరిసినట్లే అనుకుంటాంటిమి.

పక్క ఊర్లోళ్లు మాకు పిల్లనియ్యాలంటే ఎనకాడతాండ్రి. "ఇసక మోసే ఊరు. నెత్తి మీద గంప దిగదు," అంటాండ్రి. అబద్ధం గాదు. పొద్దున లేస్తానే మా ఆడోళ్లకు కసువూడ్సే పని లేదు, ఇసకెత్తే పనే. చేటలతో గంపలకెత్తి తూర్పు పక్క పారబోసేది. మరుసటి పొద్దుకు మళ్లా ఇంట్లో. "నిన్నటి ఇసకే మే ఇది. నన్ను గుర్తుపట్టి నగుతాంది చూడు," అంటాండె మా అమ్మ.

మా చేను గట్టు రాళ్లు ప్రతి ఏడూ పూడిపోయేటివి. నాయన గాలికాలం ముందరే ఒక్కొక్క రాయి పక్కన పొడుగాటి తుమ్మకట్టె నాటి, కొసకు ఎర్రగుడ్డ కడతాండె. గాలి తగ్గినాక గుడ్డ యాడ కనపడితే ఆడ మా చేను. ఎవురన్నా, "ఏమప్పా, ఇంగా ఎన్నేండ్లు తవ్వుతావు? బెంగుళూరికి పోతే కూలన్నా దొరుకుతాది," అంటే, "నా చేను యాడికీ పోలేదు. కింద ఉండాది. దాన్నిడిసి నేను పోయేదేంది?" అంటాండె. మాటకారి గాదు. ఆ ఒక్క మాటే ఎప్పుడూ.

తిండి సంగతి చెప్పాల. సంగటి, ఊరిబిండి. బుడ్డలు, అదే శెనక్కాయలు, పండిన ఏడైతే ఊరిబిండి చిక్కగా ఉంటాది, ఎండిన ఏడైతే నీళ్లగా ఉంటాది, ఊరిబిండి చూస్తే ఏడు ఎట్లుందో తెలుస్తాది. సంగటి ఎట్లాగూ మింగేదే. మా ఊరోళ్లం వరన్నం గూడా మింగుతాంటిమి, నమిలితే పండ్ల కింద కరకరమని. బయట ఊర్లల్లో పెండ్లికి పోతే మేం తినేది చూసి, "ఏమప్పా ఆ మింగుడు? ఎవురన్నా గుంజుకుంటారా?" అని ఎగతాళి చేస్తాండ్రి.

పొయ్యి కాడ ఆడబిడ్డకు మా ఊర్లో తొలుత నేర్పేది ఒకటుండాది. కుండ దించుతానే మూతికి తడిగుడ్డ కప్పాల. ఉత్త మూత పెడితే సందులో నుంచి దుమ్ము పోతాది. తడిగుడ్డ అయితే పోదు. గుడ్డ మీద ఎర్రగా బురద కడతాది, కింద సంగటి ఎట్లుండేది అట్లనే ఉంటాది. నేను మర్సిపోతే అమ్మ గరిటె తిప్పి మోసేతి మీద ఏస్తాండె.

మా మిద్దె ఎనక గోడకు ఆనుకోని ఒక దిబ్బ పెరిగి పెరిగి మిద్దె ఎత్తుకు వచ్చిండె. పెద్దోళ్లకు అది గుండె మీద బండ. మాకు ఆటస్థలం. నిచ్చెన లేకుండానే మిద్దె ఎక్కి, పాత చేట కింద పెట్టుకోని జారుతాంటిమి. మిద్దె నడిమధ్యన గవాక్షి ఉండేది, ఇంట్లోకి ఎలుతురు దిగేదానికి, పొగ పైకి పోయేదానికి పెట్టిన బొక్క. వానొచ్చినా గాలొచ్చినా దాని మీదికి బండ జరుపుతారు. దాని కింద అవ్వ పగలు కునుకు తీస్తాండె. నేను పైనుంచి మేక పెంటికలు ఒక్కొక్కటి ఆమె పొట్ట మీదికి ఇడుస్తాంటి.

"ఎవుతివే అది? నీ నోట్లో ఇసక పొయ్య! దిగు, నీ కాళ్లిరగ్గొడతా!"

దిగేదాన్ని గాదు. ఆమె మిద్దె ఎక్కలేదు. అప్పటికే ఆయాసం.

ఆ ఏడు అక్క తొలి కాన్పుకు వచ్చింది. బావ మా అమ్మ అన్న కొడుకే. తాడిపత్రిలో బండలకు పాలీసు పట్టే పనికి పోతాండె. ఎప్పుడొచ్చినా చెవుల్లో, కనురెప్పల మీద తెల్ల దుమ్ము. "ఈడ ఆసుపత్రి దగ్గర అత్తా. ఈడనే ఉండనియ్యి. మీ ఆడ గాలికాలం గదా," అని అమ్మను అడిగినాడు. అవ్వ పడనీలే. "తొలి కాన్పు పుట్టింట్లో గాకుంటే ఊరు మా మొగాన ఉమ్ముతాది. మేమంతా యాడ పుట్టినాం? ఇసకలో పుట్టి ఇసకలో పెరగలేదా?" అనింది. అక్క వచ్చింది. గాలికాలం తగులుకునే ముందర ఆడబిడ్డను కనింది.

మా మిద్దె లోపల ఒకే పెద్ద గది. ఒక మూల పొయ్యి, ఒక మూల బాలింత. అక్క చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుముకు కట్టు. వెల్లుల్లి కారం, పాతబియ్యం అన్నం, వాము, ఆముదం, సాంబ్రాణి, వేపాకు, ఆ వాసన ఇప్పుడు యాడ తగిలినా నాకు ఆ మూలే కనపడతాది. మంచం కింద కుంపటి. ఆ నిప్పు ఆరగూడదు. దాని మీద నీళ్లు పోసేది అసలే పనికిరాదు. బాలింతకు గాలి తగలగూడదు, తడి తగలగూడదు, తగిలితే జన్ని వచ్చి కాళ్లు చేతులు కొట్టుకుంటాయని అవ్వ చెప్పేది. నేను గొర్రెల కాడి నుంచి వచ్చి చెయ్యి కడుక్కుంటే, చెయ్యి ఆరినాకనే బిడ్డను ముట్టనిస్తాండె.

బావ ముందురోజు బస్సుకు వచ్చిండె, బిడ్డను చూసి పోయేదానికి. రెండు గంటల బస్సుకు తిరిగి పోవాల.

ఆ పొద్దు పొద్దున్నుంచి గాలే లేదు. ఆకు కదల్లే. గొర్రెలు మేయకుండా తలకాయలు ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చుకోని నిలబడినాయి. నేను ఎనక్కి తోలుకోనొచ్చి దొడ్లో ఏసినా. నాయన వాకిట్లో నిలబడి పడమర చూస్తాండాడు.

"ఏంది నాయనా?"

"గోడ లేస్తాంది."

చూస్తే నిజంగానే గోడ. ఏటి ఆ పక్క నుంచి ఆకాశం దాకా, ఎర్రమన్ను గోడ. సద్దు లేదు దానికి. నాయన దిబ్బ మీదుగా పరిగెత్తి గవాక్షి మీదికి బండ జరిపి, జారతా దిగినాడు. అందరం లోపలికి పోతిమి. తలుపేసి గడియ పెట్టి, సందుల్లో పాతగుడ్డలు కుక్కితిమి. అమ్మ ఎవురూ చెప్పకుండానే సంగటి కుండకు, నీళ్ల బిందెకు తడిగుడ్డలు కప్పింది. ఆ బిందె ఒక్కటే మాకుండే తాగేనీళ్లు. కరెంటు లేక బోరు ఆడి అప్పటికే ఎన్నాళ్లో.

అప్పుడు వచ్చి మీద పడింది గాలి. తలుపు మీద ఎవురో పిడికిళ్లతో గుద్దినట్ల. పట్టపగలు చీకటి. దీపం ముట్టిస్తిమి. మలుపు కాడ బస్సు హారను. బావ లేసి చొక్కా ఏసుకుంటాండాడు.

"యాడికి అల్లుడా?" అన్నాడు నాయన.

"బస్సు వచ్చింది మామా."

"వచ్చింది. నువ్వు పోలేవు. కూర్చో."

అవ్వ అప్పుడే బిడ్డకు నీళ్లు పోసి ముగిచ్చిండె. నీళ్లు పోసినాక ధూపం పట్టాల. కుంపట్లో సాంబ్రాణి, వేపాకు, వాము ఏసి, బిడ్డను రెండు చేతుల మీద పండబెట్టుకోని పొగ మీద తిప్పుతాండె. ఎప్పుడూ పట్టేదే. పొగ గవాక్షిలో నుంచి పైకి పోయేది. ఆ పొద్దు గవాక్షి మూసిండాది, ఎవురికీ ఆ తలపే లేదు. దుమ్ము లోపలికి రాకుండా ఎన్ని చేయాల్నో అన్నీ చేసినామని కూర్చుంటిమి.

పొగ మొదట దూలాల కాడ తిరిగింది. తర్వాత దిగింది. నా కండ్లు మండినాయి, నాయన దగ్గినాడు. దుమ్మనే అనుకుంటిమి. అవ్వ ఇంగా కొంచెం సాంబ్రాణి ఏసింది, దుమ్ముకు మంచిదని.

బిడ్డ ఏడుస్తాండేది సన్నబడింది. పిల్లిపిల్ల మాదిరి అయ్యింది. తర్వాత ఏడుపు గాదు, ఊపిరి గుంజే సద్దు. అక్క దీపం దగ్గర పెట్టి చూసి, "అమ్మా, పెదాలు నేరేడు పండు రంగు తిరిగినాయే," అనింది.

బావ బిడ్డను ఎత్తుకున్నాడు. "తలుపు తియ్యి మామా. బస్సు కాడికి ఎత్తకపోతా. ఆసుపత్రికి పోతా."

"నాలుగడుగులు పోలేవప్పా. కండ్లు తెరిస్తే పోతాయి. పసిబిడ్డ ముక్కుల్లో ఇసక పోతే యాడికి ఎత్తకపోతావు?"

"ఈడనే ఉంటే?"

నాయన లేసినాడు. తలుపు కాడికి పోయి గడియ తీసి ఏలెడు సందు ఇచ్చినాడు. గంపతో పోసినట్ల ఇసక లోపల పడి దీపం ఆరిపోయింది. మళ్లా భుజమానించి మూసినాడు. తెరిస్తే ఇసక, మూస్తే పొగ. చీకట్లో ఆ బిడ్డ ఊపిరి ఒక్కటే ఇనపడతాండె. మేమందరం మా ఊపిరి పట్టుకోని దాన్ని ఇంటాంటిమి.

అమ్మ దీపం ముట్టిచ్చింది. అప్పుడు అక్క అనింది. అవ్వకు ఎదురు మాట్లాడి ఎరగదు అక్క.

"అవ్వా, సంగటి కుండకు కప్పినారు తడిగుడ్డ. నా బిడ్డకు లేదా? సంగటికి ఉండే యోగం గూడా లేదా నా బిడ్డకు?"

"నోరు ముయ్యే! తడి తగిలితే జన్ని వస్తాది! ఎంతమందిని చూసినా నేను!"

"జన్ని వస్తే రేపొస్తాది. ఇప్పుడు ఊపిరి రాలేదు గదా," అనింది అమ్మ.

అని బిందె ఎత్తింది. తాగేనీళ్లు. గుటక గుటక లెక్కబెట్టి ఇచ్చే మనిషి, అవ్వ పాత నూలు చీర మీద దబదబా పోసేసింది. చీర పిండి, బావ చేతుల్లో నుంచి బిడ్డను తీసి ఉయ్యాల్లో పండబెట్టి, పైన గుడారం మాదిరి పరిసింది. మిగిలిన నీళ్లు గోనెసంచి మీద పోసి, "పైన గవాక్షి తెరవాల. దీన్ని ఆడ కట్టాల. ఎవురెక్కుతారు?" అనింది.

నిచ్చెన బయట ఉండాది. బావ గవాక్షి కింద కూర్చున్నాడు. "రా మర్దలా, ఎక్కు."

నేను రోకలి పట్టుకోని బావ భుజాల మీద రెండు కాళ్లు పెట్టినా. అవ్వ కేక పెట్టింది.

"అల్లుని భుజాల మీద కాలు పెడతావేమే! బుద్ధుండాదా? పాపం తగులుతాది!"

"తగిలితే నాకు తగల్నీలే అవ్వా," అని బావ లేసినాడు. "ఏమే, సంగటి బాగా తింటాండావే. బండ కన్నా బరువుండావు." ఆ మాట నన్ను నగిచ్చేదానికి అన్నాడు.

రోకలితో బండ అంచును పొడిసినా. కదల్లే. మళ్లా పొడిసినా. జరిగింది. జరగంగానే నెత్తిన, కండ్లల్లో, నోట్లో ఇసక. ఉమ్మతా ఉమ్మతా, చేతి తడుముడుతోనే, అమ్మ అందిచ్చిన గోనెసంచిని దూలాలకు పురికొసతో కట్టినా. ఇసక పడేది ఆగింది. సంచి పైకీ కిందికీ కొట్టుకుంటాంది, బతికిన జీవం రొమ్ము మాదిరి. దాంట్లో నుంచి సల్లగా, మట్టి వాసనతో గాలి దిగింది.

అయినా పొగ పోలే. కుంపటి ఇంగా పొగస్తానే ఉండాది. నాయన దాన్ని చూసి, అవ్వను చూసినాడు. నీళ్లు పోయగూడదు. పోసినా పొగ ఎక్కువైతాది.

అవ్వ కొంగు చేతులకు చుట్టుకోని, వంగి, కుంపటి ఎత్తింది.

"తలుపు తియ్యిరా."

"అమ్మా, నేను తీసుకుపోతా."

"తియ్యమంటే తియ్యిరా."

పోయింది. ఆ గాలిలోకి. మేం తలుపేస్తిమి, ఎయ్యక తప్పదు. పారబోసి వస్తాదిలే అనుకుంటిమి. రాలే. నాయన నెత్తికి గుడ్డ చుట్టి, గొంగడి తీసుకోని పోయినాడు. ఆయన గూడా రాలే.

అదే నాకు ఎక్కువ భయమైన సమయం. ఉయ్యాల కాడ అక్క, అమ్మ. గోడ కాడ బావ. బయట ఉండే ఇద్దరు ఉండారో లేదో తెలీదు. తడిచీర కింద బిడ్డ. చీర మీద సన్న దుమ్ము పడి పడి ఎర్రబడింది. అమ్మ దాన్ని తిరగేసి మళ్లా పరిసింది. అప్పుడు దగ్గు ఇనపడింది. పిడికెడంత దగ్గు. ఇంగోటి. తర్వాత ఏడిసింది చూడండి, బస్సు హారను ఇనపడనంత గట్టిగా. అక్క గూడా ఏడిసింది. అమ్మ అక్క చెవుల్లో దూది సర్ది, "ఇంగ పాలియ్యి," అనింది.

గాలి తగ్గేటప్పటికి సాయంత్రమైంది. తలుపు తీస్తే గడప ఎత్తు ఇసక. గోడ తూర్పు పక్క గొంగడి ఒకటి దిబ్బ మాదిరి ఉండాది. బావ పోయి లాగితే కింద ఇద్దరు. అవ్వ కుంపటి మీదికి వంగి, దాన్ని కడుపులో పెట్టుకున్నట్ల కూర్చోనుండాది. నాయన గాలి పక్కకు ఈపు పెట్టి ఆమెకు అడ్డం కూర్చున్నాడు. రమ్మని ఎంత గుంజినా రాలేదంట. "బాలింత నిప్పు ఆరగూడదురా," అనిందంట. అంతే.

కుంపట్లో నిప్పు ఉండాది. ఇంత కణిక.

అవ్వ మొగం నిండా మన్ను, కండ్లు రెండే కనపడతాండాయి. కుంపటి తెచ్చి గడప బయట పెట్టింది. లోపలికి తేలే.

"పిల్ల పాలు తాగిందా?" అనింది.

"తాగింది," అనింది అమ్మ.

కప్పిన తడిగుడ్డ తీసి సంగటి అందరికీ పెట్టినారు. తాగేదానికి నీళ్లు లేవు. గొంతులో ఇసక, దాని మీద సంగటి ముద్ద. మింగితిమి.

మరుసటి పొద్దు బస్సుకు బావ అక్కనూ బిడ్డనూ తీసుకోని పోయినాడు. మూడో నెల నిండందే పుట్టింట్లో నుంచి బాలింతను పంపరు. అవ్వ అడ్డం చెప్తాదనుకుంటిమి. ఆమెనే మూట కట్టింది. మూటలో సాంబ్రాణి పెట్టలే. నేను చూసినా. "గాలికాలంలో రావాకు మే," అనింది అక్కతో. తర్వాత అక్క కాన్పులన్నీ తాడిపత్రిలోనే. పుట్టింటికి వస్తే చలికాలంలో వచ్చి, నాలుగు పొద్దులుండి పోయేది.

అవ్వకు ఆ పొద్దు దగ్గు పట్టింది, ఇడవలే. నాయన ఆసుపత్రికి తీసుకుపోతే లోపల దుమ్ము పేరుకున్నాదన్నారంట. "పొగకు ఎవురూ సావలే మా కాలంలో," అంటానే ఉండె, దగ్గుతా. తప్పైందని ఒక్క మాట అనలే. కానీ పొద్దున లేస్తానే, "గవాక్షి తియ్యిపో," అని నన్ను మిద్దె మీదికి తరుముతాండె. నేను బండ జరిపి కిందికి తొంగి చూస్తే ఆమె పైకి నన్నే చూస్తాండె, నోరు తెరుసుకోని, ఊపిరికి. మళ్లా నేను పెంటికలు ఎయ్యలే. మరుసటి ఆషాఢం ఆమె చూడలే.

నాయన ఇంగా కొన్నేండ్లు కట్టెలు నాటినాడు. ఒక ఏడు గాలి తగ్గినాక పోయి చూస్తే ఒక్క ఎర్రగుడ్డ గూడా కనపడలే. పొద్దుగూకే దాకా ఇసకలో నడిసి వచ్చి, "అమ్మీ, మూటలు కట్టండి," అన్నాడు. రోడ్డు పక్క ఎత్తు మీద ఇల్లేసుకుంటిమి. ఆడికి గూడా దుమ్ము వచ్చేది, ఇసక రాలే. సచ్చిపోయేదాకా నాయన పడమటి వాకిట్లోనే కూర్చున్నాడు.

మొన్న అక్క కూతురింటి నుంచి వస్తా ఆ పక్క బస్సు దిగి నడుసుకుంటా పోయినా. మా మిద్దె లేదు, దిబ్బే ఉండాది. దాని మీద సర్కారు తుమ్మ మొలిసింది. ఒక కట్టె ఇరిసి, గవాక్షి యాడుండేదో అని పొడిసి పొడిసి చూసినా. అంతా మెత్తగా దిగుతాంది. యాడా బండ తగల్లే.

అందుకని ఆ పొద్దు ఆ ఇంట్లో ఉండినోళ్లు ఎవురెవురో ఈడ రాసి పెడతాండా. మా అవ్వ, ఉండింది గాలిలో గానీ ఆమెను ఇంట్లోనే లెక్కేస్తాండా. ఆమెకు అడ్డం కూర్చున్న మా నాయన. తాగేనీళ్లు పారబోసిన మా అమ్మ. మా అక్క. నన్ను మోసిన మా బావ, ఆ మనిషి గూడా పోయినాడు, రాయి దుమ్ముతో. రోకలి పట్టుకోని నేను. దొడ్లో గొర్రెలు. మలుపు కాడ బస్సులో ఎవురుండిరో నాకు తెలీదు.

ఇంగ ఉయ్యాలలో తడిచీర కింద పండుకోనుండే పిల్ల. అప్పటికి దానికి పేరు పెట్టలే. మొన్న దేవుని కడ్డీలు ఆర్పినానని నా మీద అరిసింది అదే.